నెమ్మదించిన ఇంటి కంప్యూటరు: ముందు కాపాడవలసినది, తరువాత బాగుచేయవలసినది

కోయంబత్తూరు, మదురై నగరాల్లో తెలుగు కుటుంబాల నివాసం నేటిది కాదు. విజయనగర, నాయకరాజుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన ఇళ్లలో తెలుగు నేటికీ ఇంటి మాటగా నిలిచి ఉంది. చదువు, వ్రాత మాత్రం అనేక కుటుంబాల్లో తమిళంలోనికి మారాయి. తెలుగు అక్షరాలు వచ్చిన పెద్దల సంఖ్య తరతరానికీ తగ్గుతోంది. అటువంటి పెద్దలు టైపు చేయించిన వంశవృక్షం, పెళ్లి పాటల ప్రతి, అవ్వ గొంతుతో రికార్డు చేసిన కథలు, పాత ఆస్తిపత్రాల స్కాన్ ప్రతులు, పిల్లల చిన్ననాటి ఛాయాచిత్రాలు ఇంట్లోని ఒకే ఒక్క పాత కంప్యూటరులో ఉండడం అరుదు కాదు. వీటికి మరొక ప్రతి ఎక్కడా ఉండకపోవడమూ అరుదు కాదు.

అటువంటి కంప్యూటరు ఒకనాడు నెమ్మదిస్తుంది. మీట నొక్కిన పది నిమిషాలకు గాని తెర సిద్ధం కాదు. అడగని ప్రకటనలు తెరపైకి వస్తాయి. పెన్‌డ్రైవులోని ఫోల్డర్లు కనిపించవు. అప్పుడు సాధారణంగా వినిపించే సలహా ఒక్కటే: “వైరస్ పట్టింది, ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.” ఫార్మాట్ అంటే డిస్కులోని గత సమాచారాన్ని తొలగించి, దానిని కొత్తగా వాడుకొనేందుకు సిద్ధపరచడం. యంత్రం వేగం పుంజుకోవచ్చు. కాని అందులో ఉన్న కుటుంబ చరిత్ర ఆ ఒక్క మాటతో పోవచ్చు.

కావున ఈ పనిలో వరుస ముఖ్యం. మొదట సమాచారాన్ని కాపాడాలి. తరువాత మందగమనానికి కారణం తెలుసుకోవాలి. ఆ తరువాత శుభ్రపరచాలి. చివరగా, హానికర ప్రోగ్రాములు వచ్చిన దారిని మూసివేయాలి. ఈ వరుస తప్పితే యంత్రం బాగుపడినా ఇంటికి నష్టమే మిగులుతుంది.

వైరస్ అంటే ఏమిటి?

వైరస్ కూడా ఒక ప్రోగ్రామే. యజమానికి తెలియకుండా కంప్యూటరులో ప్రవేశించి, తన ప్రతులను తానే తయారుచేసుకొని, ఇతర ఫైళ్లకు, ఇతర యంత్రాలకు వ్యాపిస్తుంది. ఐబీఎం తరహా వ్యక్తిగత కంప్యూటర్లలో వ్యాపించిన తొలి వైరస్‌గా పేరుపొందిన ‘బ్రెయిన్’ 1986లో లాహోరు నగరంలో పుట్టింది. అది ఫ్లాపీ డిస్కుల ద్వారా ప్రయాణించింది. నేడు ఫ్లాపీల స్థానంలో పెన్‌డ్రైవులు, ఈమెయిలు జోడింపులు, దొంగ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

వాడుకలో అన్నింటినీ వైరస్ అనే పిలిచినా వీటిలో భేదాలున్నాయి. మంచి ప్రోగ్రాము వేషంలో వచ్చి లోపల హాని చేసేది ట్రోజన్. మనిషి సహాయం లేకుండా వల ద్వారా తానే ప్రాకేది వార్మ్. బ్రౌజరులో చేరి ప్రకటనలు కురిపించేది యాడ్‌వేర్. సంకేతపదాలను దొంగిలించేది స్పైవేర్. ఫైళ్లకు తాళం వేసి, విడుదలకు డబ్బు అడిగేది రాన్సమ్‌వేర్. వీటిలో చివరిది అత్యంత ప్రమాదకరమైనది. దాని విషయంలో పాటించవలసిన పద్ధతి కూడా వేరు.

మొదటి మెట్టు: సమాచారాన్ని కాపాడడం

అనుమానం కలిగిన వెంటనే కంప్యూటరుకు ఇంటర్నెట్ సంబంధాన్ని తొలగించాలి. వైఫై ఆపివేయడం లేదా తీగ ఊడదీయడం చాలు. దీనివలన లోపలి హానికర ప్రోగ్రాము సమాచారాన్ని బయటకు పంపలేదు, కొత్త భాగాలను దింపుకోలేదు. ఆ యంత్రంలో బ్యాంకు లావాదేవీలు చేయరాదు. బ్యాంకు, ఈమెయిలు సంకేతపదాలను శుభ్రమైన మరొక పరికరం నుంచి మార్చుకోవాలి. ముందుగా ఈమెయిలు సంకేతపదాన్ని మార్చడం ఉత్తమం. తక్కిన ఖాతాలను తిరిగి పొందే దారి సాధారణంగా ఈమెయిలు ద్వారానే ఉంటుంది.

తరువాత ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోనికి ప్రతి తీయాలి. ఇందుకు ఖాళీ డిస్కునే వాడాలి. ఇతర సమాచారం ఉన్న డిస్కును వ్యాధి సోకిన యంత్రానికి తగిలిస్తే అదీ కలుషితం కావచ్చు. పత్రాలు, చిత్రాలు, ధ్వని, వీడియో ఫైళ్లను మాత్రమే తీసుకోవాలి. ప్రోగ్రాములను, వాటిని స్థాపించే ఫైళ్లను తీసుకోరాదు. ఆ ప్రతిని మరొక కంప్యూటరులో తెరవడానికి ముందు తాజా యాంటీవైరస్‌తో పరీక్షించాలి.

విండోస్ ఆరంభమైతే వైరస్ కూడా మేల్కొంటుంది. అందుచేత విండోస్‌ను తెరవకుండానే ఫైళ్లను తీయగలిగితే మరింత మేలు. తమిళనాడులోని అనేక ఇళ్లకు ఇందుకు ఒక అనుకూలత ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విద్యార్థులకు అందిన యంత్రాలలో విండోస్‌తో పాటు ‘బాస్ లినక్స్’ అనే రెండవ నిర్వాహక వ్యవస్థ కూడా ఉండేది. ఇది సి-డాక్ సంస్థ రూపొందించిన భారతీయ వ్యవస్థ. పిల్లల చదువు పూర్తయి అటక మీద చేరిన ఆ ల్యాప్‌టాప్‌లో బాస్ ఇంకా మిగిలి ఉంటే, యంత్రం ఆరంభమయ్యేటప్పుడు కనిపించే పట్టికలో దానిని ఎంచుకోవాలి. విండోస్ కోసం వ్రాసిన వైరస్ లినక్స్‌లో పనిచేయదు. విండోస్ భాగంలోని ఫైళ్లు మాత్రం లినక్స్‌కు కనిపిస్తాయి. వాటిని నిదానంగా బయటి డిస్కుకు తీసుకోవచ్చు. బాస్ లేని యంత్రాలకు, శుభ్రమైన మరొక కంప్యూటరులో తయారుచేసిన లినక్స్ పెన్‌డ్రైవు ఇదే పనికి ఉపకరిస్తుంది.

ఈ మెట్టును ముందు ఉంచడానికి మరొక కారణమూ ఉంది. మందగమనానికి మూలం వైరస్ కాక, చివరి దశకు చేరిన హార్డ్ డిస్కే కావచ్చు. యంత్రం లోపలి నుంచి టకటకమనే శబ్దం రావడం, ఫైలు తెరిచేటప్పుడు తెర నిలిచిపోవడం దీనికి గుర్తులు. అటువంటి డిస్కుపై ముందుగా పూర్తి వైరస్ పరీక్ష నడిపితే, డిస్కు అంతటినీ చదవవలసి వచ్చి, మిగిలిన ఆయుష్షు కూడా అందులోనే వ్యయం కావచ్చు. మరల దొరకని ఫైళ్లను మొదట, ఇతరములను తరువాత తీయాలి.

తెలుగు ఫైళ్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త

తెలుగు పత్రాలున్న ఇళ్లు ఇక్కడ ఒక విషయాన్ని విశేషంగా గమనించాలి. యూనికోడ్ వ్యాప్తి చెందక పూర్వం తెలుగు టైపు కోసం అను వంటి ఫాంట్లు వాడుకలో ఉండేవి. వాటిలో తెలుగు అక్షరాల ఆకృతులను ఆంగ్ల అక్షరాల స్థానాల్లో అమర్చేవారు. ఆ ఫాంటు కంప్యూటరులో ఉన్నంతకాలం పత్రం తెలుగులో కనిపిస్తుంది. ఫాంటు లేకపోతే అదే పత్రం అర్థం లేని ఆంగ్ల అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తుంది.

ఫార్మాట్ అయిన తరువాత ఆ దృశ్యం చూసి, “వైరస్ ఫైలును పాడుచేసింది” అని భావించి దానిని తొలగించే అవకాశం ఉంది. నిజానికి ఫైలుకు ఏ హానీ జరగలేదు. దానిని చదివించే ఫాంటు మాత్రమే పోయింది. కావున పత్రాలతో పాటు విండోస్ ఫోల్డరులోని ‘ఫాంట్స్’ అనే ఉపఫోల్డరు నుంచి ఆ ఫాంటు ఫైళ్లను కూడా భద్రపరచాలి. టైపు సాఫ్ట్‌వేరు సీడీ ఇంట ఉంటే దానిని పారవేయరాదు. పత్రం ఇంకా సరిగా తెరుచుకొంటూ ఉంటే దానిని పీడీఎఫ్ రూపంలో కూడా దాచుకోవాలి. పీడీఎఫ్‌లో సాధారణంగా అక్షరాల ఆకృతులు ఫైలులోనే ఇమిడి ఉంటాయి కాబట్టి, ఫాంటు లేని కంప్యూటరులోనూ, ఫోనులోనూ చదవవచ్చు. తరువాత వీలును బట్టి ఆ పాఠాన్ని యూనికోడ్‌లోనికి మార్చుకోవచ్చు. విండోస్‌లో గౌతమి, నిర్మల వంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉన్నాయి. పోతన, వేమన పేర్లతో ఉచిత ఫాంట్లు కూడా లభిస్తాయి. యూనికోడ్‌లో ఉన్న పత్రానికి ఏదో ఒక యూనికోడ్ తెలుగు ఫాంటు చాలు. ఒకే ఫాంటుపై ఆధారపడవలసిన పని లేదు.

పెన్‌డ్రైవులో ఫైళ్లు మాయమైనప్పుడు

జిరాక్స్ దుకాణంలో ముద్రణకు ఇచ్చి తెచ్చిన పెన్‌డ్రైవును ఇంట్లో తెరిస్తే ఫోల్డర్లన్నీ చిన్న బాణం గుర్తు గల షార్ట్‌కట్‌లుగా కనిపించడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఇది ఒక రకమైన వార్మ్ చేసే పని. అది అసలు ఫోల్డర్లను తొలగించదు. వాటిని దాచిపెట్టి, అవే పేర్లతో నకిలీ షార్ట్‌కట్‌లను ముందు ఉంచుతుంది. ఆ షార్ట్‌కట్‌ను నొక్కగానే వార్మ్ ఆ కంప్యూటరులోనికి ప్రవేశిస్తుంది.

కాబట్టి వాటిని నొక్కరాదు. పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయనూ రాదు. ముందుగా డ్రైవును యాంటీవైరస్‌తో పరీక్షించాలి. తరువాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని ‘ఫోల్డర్ ఆప్షన్స్’ తెరిచి, దాగిన ఫైళ్లను చూపమనే ఎంపికను గుర్తించాలి. దాని సమీపంలోనే, రక్షిత వ్యవస్థా ఫైళ్లను దాచి ఉంచమనే ఎంపిక ఉంటుంది. దాని గుర్తును తాత్కాలికంగా తీసివేయాలి. అప్పుడు అసలు ఫోల్డర్లు లేతరంగులో కనిపిస్తాయి. కొన్ని సందర్భాల్లో పేరు లేని ఒక ఫోల్డరులో అన్నీ ఒకచోట చేరి ఉంటాయి. వాటిలోని పత్రాలను, చిత్రాలను వేరొక చోటికి ప్రతి తీసిన తరువాతనే పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయాలి. పని ముగిసిన తరువాత రెండు ఎంపికలను పూర్వస్థితికి తేవాలి.

రెండవ మెట్టు: కారణం తెలుసుకోవడం

ప్రతి మందగమనానికీ వైరస్ కారణం కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. ప్రాసెసరు, మెమరీ, డిస్కులలో దేనిపై భారం అధికంగా ఉన్నదో, ఆ భారాన్ని ఏ ప్రోగ్రాము కలిగిస్తున్నదో అందులో తెలుస్తుంది. ఏ పనీ చేయకుండానే డిస్కు చాలాసేపు నూరు శాతం వద్ద నిలిచి ఉంటే డిస్కు బలహీనత గాని, వెనుక నడుస్తున్న ప్రోగ్రాము గాని కారణం కావచ్చు. పేరు తెలియని ప్రోగ్రాము ప్రాసెసరును ఎడతెగక వాడుతుంటే అనుమానించాలి. అయితే తెలియని పేరు ఉన్నంత మాత్రాన అది వైరస్ కాదు. విండోస్‌కు అవసరమైన అనేక భాగాల పేర్లు సామాన్య వినియోగదారులకు అపరిచితాలే.

అదే కిటికీలోని ‘స్టార్టప్’ విభాగంలో, కంప్యూటరుతో పాటు ఆరంభమయ్యే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. ప్రింటరు సహాయకులు, పాటల ప్రోగ్రాములు, సంభాషణ ప్రోగ్రాములు అక్కడ బారులుతీరి ఉంటాయి. అనవసరమైన వాటిని నిలిపివేస్తే ఆరంభ సమయం తగ్గుతుంది. ఇది ఆ ప్రోగ్రామును తొలగించడం కాదు, పిలిచినప్పుడే రమ్మనడం.

రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి ఉంచడం మరొక సాధారణ పొరపాటు. ప్రతి ఫైలునూ రెండూ పరీక్షించబోయి, ఒకదానికొకటి అడ్డుపడి, యంత్రాన్ని నిలువరిస్తాయి. ఒకటి చాలు. డిస్కు నిండిపోవడం కూడా వేగాన్ని హరిస్తుంది. తాత్కాలిక ఫైళ్లను తొలగించే సౌకర్యం విండోస్ సెట్టింగులలోని ‘స్టోరేజ్’ విభాగంలో ఉంది. అయితే ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరు కూడా కనిపిస్తుంది. వాట్సాప్ నుంచి దించుకొన్న పెళ్లి చిత్రాలు, ధ్రువపత్రాలు అందులోనే ఉండవచ్చు. దానికి గుర్తు పెట్టే ముందు లోపల ఏమున్నదో చూసుకోవాలి.

యంత్రం వేడెక్కినా నెమ్మదిస్తుంది. లోపలి ఫ్యాను రెక్కలకు, గాలి మార్గాలకు పట్టిన ధూళి వేడిని బయటకు పోనివ్వదు. నూలు మిల్లులు, మగ్గాలు ఉన్న వాడల్లో దూదిపొడి కూడా దీనికి తోడవుతుంది. అప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకొంటుంది. విద్యుత్ సంబంధం తొలగించి, ధూళిని శుభ్రపరిస్తే ఈ దోషం తీరుతుంది.

కారణం తెలియక చేసే మరమ్మతు ఊహ మాత్రమే. ఈ సంగతి కోయంబత్తూరు వారికి కొత్త కాదు. ఈ నగర సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి.డి. నాయుడు, యౌవనంలో హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును కొని, దానిని విడదీసి, తిరిగి అమర్చి యంత్రవిద్య నేర్చుకొన్నారని ప్రసిద్ధి. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలిసిన తరువాతనే చేయి చేసుకోవడం ఆ విద్యలోని మొదటి పాఠం.

మూడవ మెట్టు: శుభ్రపరచడం

విండోస్ 10, 11 వ్యవస్థలలో ‘విండోస్ సెక్యూరిటీ’ పేరుతో రక్షణ వ్యవస్థ అంతర్భాగంగా ఉంది. దానికి వేరుగా డబ్బు చెల్లించనక్కరలేదు. సమాచారం భద్రమైన తరువాత ఇంటర్నెట్‌ను కొద్దిసేపు కలిపి, వైరస్ గుర్తుల జాబితాను తాజా చేసి, ‘ఫుల్ స్కాన్’ను ఎంచుకోవాలి. పాత యంత్రంలో దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు. రాత్రి ఆరంభించి ఉదయం చూడడం అనుకూలం.

కొన్ని వైరస్‌లు విండోస్ నడుస్తుండగా తమను తాము దాచుకొంటాయి. వాటి కోసం అదే చోట ‘ఆఫ్‌లైన్ స్కాన్’ అనే ఎంపిక ఉంది. అది కంప్యూటరును తిరిగి ఆరంభించి, విండోస్ పూర్తిగా మేల్కొనక ముందే పరీక్షిస్తుంది. ఎంచుకొనే ముందు తెరిచి ఉన్న పనులను భద్రపరచాలి.

రెండవ అభిప్రాయం కావాలనుకొంటే భారత ప్రభుత్వ సేవ ఒకటి ఉంది. ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలోని సెర్ట్-ఇన్ సంస్థ 2017 ఫిబ్రవరిలో ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ను ప్రారంభించింది. వ్యాధి సోకిన కంప్యూటర్లను శుభ్రపరచే ఉపకరణాలు దాని అధికారిక వెబ్‌సైటు ద్వారా ఉచితంగా లభిస్తాయి. ఇటువంటి ఉపకరణాలను అధికారిక చోటు నుంచే దించుకోవాలి. యాంటీవైరస్ పేరుతోనే వైరస్‌ను అంటగట్టే నకిలీలు ఎన్నో ఉన్నాయి.

ప్రకటనల బాధ బ్రౌజరులోనే ఉంటే, అందులోని పొడిగింపుల జాబితాను చూసి తెలియని వాటిని తొలగించాలి. ప్రకటనలు పంపడానికి అనుమతి పొందిన వెబ్‌సైట్ల జాబితా బ్రౌజరు సెట్టింగులలో ఉంటుంది. ఏదో ఒక సందర్భంలో ‘అలౌ’ అని నొక్కిన ఫలితంగా అవి చేరి ఉంటాయి. వాటిని తొలగిస్తే, మూలన పదేపదే కనిపించే “మీ కంప్యూటరుకు వైరస్ సోకింది” అనే బూటకపు హెచ్చరికలు చాలావరకు ఆగిపోతాయి.

ఇన్ని చేసినా ఫలితం లేకపోతే విండోస్‌లోని ‘రీసెట్ దిస్ పీసీ’ సౌకర్యాన్ని ఆశ్రయించాలి. ఇందులో రెండు దారులున్నాయి. ‘కీప్ మై ఫైల్స్’ను ఎంచుకొంటే సొంత ఫైళ్లు మిగులుతాయి, స్థాపించిన ప్రోగ్రాములు తొలగిపోతాయి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ను ఎంచుకొంటే రెండూ పోతాయి. వైరస్ లోతుగా పాతుకొన్నప్పుడు రెండవదే నిశ్చయమైన మార్గం. మొదటి మెట్టు సక్రమంగా పూర్తయిన ఇంట ఈ మార్గానికి భయపడనక్కరలేదు.

రాన్సమ్‌వేర్ సోకినప్పుడు

ఫైళ్ల పేర్ల చివర అపరిచితమైన అక్షరాలు చేరి, అవి తెరుచుకోక, డబ్బు అడిగే లేఖ తెరపై కనిపిస్తే ఇంటర్నెట్ సంబంధాన్ని తొలగించి కంప్యూటరును వెంటనే ఆపివేయాలి. బయటి డిస్కును తగిలించరాదు. దానిలోని ఫైళ్లకు కూడా తాళం పడుతుంది. డబ్బు చెల్లించినా తాళం తీస్తారన్న హామీ లేదు. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌లకు తాళపుచెవులు ఉచితంగా లభిస్తాయి. అన్నింటికీ లభించవు. నేడు లేనిది రేపు రావచ్చును గనుక తాళం పడిన ఫైళ్లను కూడా భద్రపరచడం మేలు.

డబ్బు పోయిన సందర్భంలో ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫోను చేయాలి. ఇది సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదు స్వీకరించే జాతీయ సంఖ్య. జాతీయ సైబర్ నేర ఫిర్యాదు పోర్టల్‌లో కూడా వివరాలు నమోదు చేయవచ్చు. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, సొమ్ము చేతులు మారకముందే దానిని నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ.

తెరపై ఫోను నంబరుతో వచ్చే హెచ్చరికలు మరొక మోసం. మైక్రోసాఫ్ట్ సంస్థ పంపే దోష సూచనల్లో, హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదని ఆ సంస్థే ప్రకటించింది. ఆ నంబరుకు ఫోను చేసినవారిని ఒక ప్రోగ్రాము దించుకోమని చెప్పి, కంప్యూటరును దూరం నుంచి స్వాధీనం చేసుకొని, బ్యాంకు ఖాతాను ఖాళీ చేయడం వారి పద్ధతి. ఒంటరిగా ఉండే పెద్దలకు ఈ సంగతి కుటుంబ సభ్యులు ముందుగా వివరించి ఉంచాలి.

దుకాణానికి ఇవ్వవలసి వచ్చినప్పుడు

పై పనులన్నీ ఇంట సాధ్యం కాకపోవచ్చు. మరమ్మతు దుకాణానికి ఇచ్చేటప్పుడు మొదటి మాటగా సమాచారం సంగతి చెప్పాలి. ఆంధ్ర, తెలంగాణల నుంచి చదువుకో, ఉద్యోగానికో కొత్తగా వచ్చి, తమిళం ఇంకా అలవడని వారికి ఈ వాక్యం ఉపకరిస్తుంది: “ఫార్మాట్ పణ్ణ వేండాం, ముదల్ల డేటావ కాపీ ఎడుత్తు కుడుంగ.” ఫార్మాట్ చేయవద్దు, ముందు డేటాను కాపీ తీసి ఇవ్వండి అని దీని అర్థం.

ఏయే ఫోల్డర్లు ముఖ్యమో కాగితంపై వ్రాసి ఇవ్వాలి. తెలుగు ఫాంట్లను అందులో చేర్చాలి. యంత్రం క్రమసంఖ్యతో రసీదు తీసుకోవాలి. పాత డిస్కును మార్చితే దానిని తిరిగి అడిగి తెచ్చుకోవాలి. అందులో కుటుంబ సమాచారం ఇంకా ఉంటుంది. లైసెన్సు లేని విండోస్‌ను, తాళం విరిచిన సాఫ్ట్‌వేర్లను స్థాపించవద్దని స్పష్టంగా చెప్పాలి. వాటిలోనే హానికర ప్రోగ్రాములు దాగి వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు మరమ్మతే కొత్త వ్యాధికి మొదలు అవుతుంది.

ఖర్చు పెట్టదలచిన వారికి, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చడం సాధారణంగా అత్యంత ఫలవంతమైన మార్పు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం ఉండదు కాబట్టి ఫైళ్లు వేగంగా తెరుచుకొంటాయి. మెమరీ 2 జీబీ గాని 4 జీబీ గాని ఉన్న యంత్రాలకు, వీలున్న చోట దానిని పెంచడం తరువాతి మెట్టు.

నాల్గవ మెట్టు: దారి మూసివేయడం

2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని సైతం స్తంభించింది. అది ప్రవేశించిన లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణను అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసింది. ఆ సవరణను స్వీకరించిన యంత్రాలలోనికి ఆ లోపం గుండా అది ప్రవేశించలేకపోయింది. నవీకరణలను వాయిదా వేయడం తలుపు తెరిచి నిద్రించడంతో సమానమని ఈ ఉదంతం తెలుపుతుంది.

విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోనూ సాధారణ మద్దతు ముగిసింది. అటువంటి వ్యవస్థ గల కంప్యూటరు పనిచేస్తూనే ఉంటుంది. కొత్తగా బయటపడే లోపాలకు సవరణలు మాత్రం సాధారణంగా అందవు. విండోస్ 11కు కనీసం 4 జీబీ మెమరీ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం అవసరం. అవి లేని పాత యంత్రాలకు లినక్స్ ఒక మంచి మార్గం. తెలుగు చదవడానికి, యూనికోడ్‌లో టైపు చేయడానికి, వెబ్‌సైట్లు చూడడానికి అది సరిపోతుంది. అదీ వీలుకాకపోతే ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపకుండా, పాత పత్రాలు తెరవడానికి మాత్రమే ఉంచుకోవచ్చు.

చివరి జాగ్రత్త ప్రతుల విషయం. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు వేర్వేరు సాధనాలపై ఉండాలి, ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి అన్నది నిపుణులు చెప్పే సూత్రం. కోయంబత్తూరులోనూ మదురైలోనూ బంధువులున్న కుటుంబాలకు ఇది కష్టం కాదు. కంప్యూటరులో ఒకటి, బీరువాలోని డిస్కులో ఒకటి, మరొక నగరంలోని బంధువుల ఇంట ఒకటి. బీరువాలోని డిస్కును ఎల్లప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచరాదు. ఏటా ఒకసారి, పండుగకు అందరూ కలిసినప్పుడు, ఆ డిస్కును తెరిచి ఫైళ్లు చదవగలిగే స్థితిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. తెరిచి చూడని ప్రతి ఉన్నదో లేదో చెప్పలేము.

ఆ సందర్భంలో అవ్వ కథల రికార్డును పిల్లలకు వినిపించడం, వంశవృక్షంలో కొత్త పేర్లను చేర్చడం కూడా జరిగితే పరీక్షా పూర్తవుతుంది, పత్రమూ తాజా అవుతుంది.